వాచ్‌మన్‌కు యావజ్జీవం, ఎమ్మెల్యేకు ఆరేళ్ళు

జైలు నుంచి విడుదలై హైదరాబాద్ శివార్లలోని మా తూంకుంట వైపు బతుకుదెరువుకు వచ్చే తమ్ముళ్ళకు ఒక ఉచిత సలహా. వాచ్‌మన్ ఉద్యోగం జోలికి పోకండి. అంత పెద్ద పదవికి మీరు పనికిరారు. మీ స్థాయికి తగ్గ చిన్నచిన్న పనులు చూసుకోండి. వకీలు కావచ్చు. కంపెనీ డైరెక్టరు కావచ్చు. కొంచెం ఓపిక పడితే ఎమ్మెల్యే కావచ్చు, ఆ వెనకే మంత్రి పదవి రావచ్చు. గేటు ముందు కుర్చీలో మాత్రం కూర్చోలేరు. ఈ జన్మకు కూర్చోలేరు.

నేను వేళాకోళం ఆడటం లేదు, చట్టమే ఆడుతోంది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టమని 2005లో ఒకటి వచ్చింది. దాని పదో సెక్షన్ తీసి చదవండి. కోర్టు దోషిగా తేల్చిన మనిషిని ఏ ఏజెన్సీ కూడా గార్డుగా గానీ, గార్డుల మీద సూపర్‌వైజర్‌గా గానీ పెట్టుకోకూడదు. ఏం నేరం, ఎంత శిక్ష, ఎన్నేళ్ళ కిందట అన్న ప్రశ్నలే అక్కడ లేవు. ఒక్కసారి పడిందా, పడిందే. ఇక ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951, ఎనిమిదో సెక్షన్ చదవండి. రెండేళ్ళు, ఆపైన శిక్ష పడిన పెద్దమనిషి జైల్లో ఉన్నన్నాళ్ళూ, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్ళూ ఎన్నికల్లో నిలబడకూడదు. ఏడో ఏట నామినేషన్ వేసుకోవచ్చు. శిక్ష రెండేళ్ళకు ఒక్క రోజు తగ్గినా, ఆ సెక్షన్‌లో ప్రత్యేకంగా పేర్కొన్న కొన్ని నేరాలు కాకపోతే, ఆ ఆరేళ్ళ ఉపవాసం కూడా అక్కర్లేదు.

అంటే గేటు కాసేవాడికి ఉండాల్సిన శీలం, ఆ గేటుకు చట్టం రాసేవాడికి ఉండాల్సిన పని లేదు.

తూంకుంటలో గేట్లకు కొదవ లేదు కాబట్టి ఈ సంగతి ఇక్కడే బాగా అర్థమవుతుంది. రాజీవ్ రహదారికి అటూ ఇటూ ద్రాక్షతోటలున్న నేలలో ఇప్పుడు విల్లాలు, ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్ళు. దేవరయాంజాల్ వైపు పోతే గోదాములు. ప్రతిదానికీ ఒక గేటు, గేటుకో ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో నీలం చొక్కా వేసుకున్న మనిషి, అతని ముందు రిజిస్టర్. వచ్చే బండి నంబర్ రాస్తాడు, పోయే బండికి సలాం కొడతాడు. పన్నెండు గంటల డ్యూటీ. చదువు తక్కువ, వయసు ఎక్కువ, భూమి అమ్ముకున్నవాళ్ళకు ఈ దిక్కున మిగిలిన పని ఇదే.

ఇదే జిల్లాలో చర్లపల్లి సెంట్రల్ జైలు ఉంది. అక్కడి నుంచి బయటికి వచ్చిన ఒకాయన ఏజెన్సీ ఆఫీసుకు వెళ్ళాడనుకుందాం.

“అన్నా, పని ఏమన్న ఉన్నదా?”

“ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు తే. పోలీస్ వెరిఫికేషన్ అయినంక జాయిన్ చేసుకుంట.”

“అన్నా, నీతోని దాసుడెందుకు. నేను లోపలికి పోయొచ్చిన. పద్నాలుగేండ్లాయె.”

“గిప్పుడు మంచిగనే ఉన్నవ్ కదనే. గని రూల్ ఒప్పుకోదు. ఏమనుకోకు.”

ఈ పద్నాలుగేళ్ళలో అతను రాజకీయాల్లోకి దూకి ఉంటే, ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నా, మిగిలిన ఎనిమిదేళ్ళలో ఒకసారన్నా అసెంబ్లీకి పోటీ చేసేవాడు. దూకలేదు. కష్టపడి బతుకుదామని చూశాడు. ఆ తప్పుకు క్షమాపణ లేదు.

ఎవరి మచ్చ ఎన్నేళ్ళకు చెరుగుతుందో చట్టాలన్నీ వెతికితే ఒక పంచాంగమే తయారవుతుంది. న్యాయవాదుల చట్టం 24ఏ సెక్షన్ ప్రకారం, నైతికంగా దిగజారిన నేరంలో శిక్ష పడినవాడు విడుదలైన రెండేళ్ళ తర్వాత బార్ కౌన్సిల్ గుమ్మం తొక్కవచ్చు. రెండేళ్ళంటే మన దగ్గర ఒక మోరీ కాంట్రాక్టు పూర్తయ్యే కాలం కూడా కాదు. కంపెనీల చట్టం, 2013 ప్రకారం ఆరు నెలలు, ఆపైన శిక్ష పడినవాడు ఐదేళ్ళు ఆగి డైరెక్టరు కావచ్చు; ఏడేళ్ళు, ఆపైన పడితేనే ఆ కుర్చీ జీవితాంతం దక్కదు. పాస్‌పోర్టుకూ ఐదేళ్ళ లెక్కే, అదీ రెండేళ్ళకు తగ్గని శిక్ష పడితే. ఇక బ్యాంకు సంగతి చూడండి. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం పదో సెక్షన్, నైతికంగా దిగజారిన నేరంలో ఎప్పుడైనా సరే శిక్ష పడ్డవాణ్ణి బ్యాంకు ఉద్యోగంలోకి తీసుకోవద్దంటుంది. అటెండరు కూడా ఉద్యోగే. అదే మనిషి ఐదేళ్ళు ఆగి కంపెనీ పెట్టి, డైరెక్టరు హోదాలో అదే బ్యాంకుకు వెళ్ళి కోట్ల అప్పు అడిగితే మేనేజరు లేచి నిలబడి కుర్చీ చూపిస్తాడు. టీ తెచ్చే చెయ్యి కడిగినా పోని మురికిది, అప్పు పత్రం మీద సంతకం పెట్టే చెయ్యి ఐదేళ్ళలో తెల్లబడేది.

కుర్చీ ఎంత ఎత్తులో ఉంటే మచ్చ అంత తొందరగా ఆరిపోతుంది. ఏ లాండ్రీలోనూ లేని పద్ధతి.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఇక్కడి నుంచి శామీర్‌పేట వెళ్ళి కనుక్కోండి. చెరువు దాటితే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, 1998లో పుట్టింది. దాని చిరునామాలోనే జస్టిస్ సిటీ అని ఉంటుంది. దేశం నలుమూలల నుంచి తెలివైన పిల్లలు వచ్చి రాజ్యాంగం చదువుకుంటారు. వాళ్ళ ప్రాంగణానికి కూడా గేటుంది, గేటు దగ్గర మనిషి ఉంటాడు. లోపల చెప్పే పాఠాల ప్రకారం శిక్ష అనుభవించినవాడు అప్పు తీర్చినట్టే. గేటు దగ్గరి చట్టం ప్రకారం ఆ అప్పుకు వడ్డీ ఎప్పటికీ ఆగదు.

ఇప్పుడు పెద్ద మనుషుల దగ్గరికి వద్దాం. అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో ఓబుళాపురం అనే ఊరుంది. అక్కడి ఇనుప ఖనిజం అక్రమ తవ్వకాల మీద సీబీఐ 2009 డిసెంబర్‌లో కేసు పెట్టింది. 2011 సెప్టెంబర్ 5న గనుల యజమాని గాలి జనార్దన్ రెడ్డిని అరెస్టు చేసింది. విచారణ ఎంత తాపీగా నడిచిందంటే, ఆ మధ్యలో ఆయన 2023లో గంగావతి నుంచి కర్ణాటక శాసనసభకు ఎన్నికయ్యారు కూడా. 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు ఏడేళ్ళ జైలుశిక్ష వేసింది. శాసనసభ్యత్వం పోయింది. చూశారా, చట్టం ముందు అందరూ సమానమే అని మనం మీసం మెలేసే లోపు జూన్ 11 వచ్చింది. తెలంగాణ హైకోర్టు తీర్పును నిలిపి బెయిల్ ఇచ్చింది. ఆ వెనకే పోయిన సభ్యత్వమూ తిరిగొచ్చింది. అప్పీలు తేలేదాకా ఆయనను దోషి అనడానికి లేదు, నేనూ అనడం లేదు. లెక్క మాత్రం చెప్తాను. నేరం తేల్చడానికి పదిహేనేళ్ళు పట్టింది, తేల్చినదాన్ని పక్కన పెట్టడానికి ముప్పై ఆరు రోజులు పట్టింది.

ఇందులో ఒక చిన్న కిటుకుంది, సామాన్యులకు తెలియదు. శిక్షను ఆపడం వేరు, దోషి అన్న తీర్పునే ఆపడం వేరు. మొదటిది దొరికితే జైలు నుంచి బయటికి వస్తారు, కానీ దోషిగానే వస్తారు. రెండోది దొరికితే తీర్పు రానట్టే తిరుగుతారు. రెండోది ఎంతో అరుదుగా ఇవ్వాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అరుదైన వస్తువు ఎవరికి దొరుకుతుందో మీకు తెలుసు. రాహుల్ గాంధీకి 2023 మార్చి 23న సూరత్ కోర్టు సరిగ్గా రెండేళ్ళు వేసింది. మర్నాడే ఎంపీ పదవి పోయింది. ఆగస్టు 4న సుప్రీంకోర్టు తీర్పును నిలిపింది, 7న పదవి వచ్చింది. రెండేళ్ళే ఎందుకు వేశారో కింది కోర్టు చెప్పలేదని, ఓటేసి గెలిపించిన నియోజకవర్గ ప్రజల హక్కు కూడా చూడాలని సుప్రీంకోర్టు అన్నది. న్యాయమైన మాట. ఏ పార్టీవాడికైనా న్యాయమే. నా సందేహమల్లా ఒకటే. వాచ్‌మన్ కొలువు పోతే అతని మీద ఆధారపడ్డ నియోజకవర్గం మాట ఎవరు చూడాలి? పెద్ద నియోజకవర్గమేమీ కాదు, ఒక భార్య, ముగ్గురు పిల్లలు, మంచం పట్టిన తల్లి. ఓటర్లు తక్కువే గానీ పోలింగ్ మాత్రం రోజూ రెండు పూటలా ఉంటుంది.

నాయకులకు జీవితకాల నిషేధం పెట్టాలని సుప్రీంకోర్టులో ఒక వ్యాజ్యం ఎన్నో ఏళ్ళుగా నడుస్తోంది. శిక్ష పడ్డ ప్రభుత్వోద్యోగి ఉద్యోగానికే పనికిరానప్పుడు శిక్ష పడ్డ నాయకుడు పార్లమెంటుకు ఎలా పనికొస్తాడని 2025 ఫిబ్రవరిలో ధర్మాసనమే అడిగింది. అదే నెలలో కేంద్ర ప్రభుత్వం అఫిడవిట్ వేసింది. దాని సారాంశం మన మాటల్లో చెప్పుకుంటే: నిషేధం ఎన్నేళ్ళుండాలో పార్లమెంటు చూసుకుంటుంది, కాలపరిమితి పెడితే భయమూ ఉంటుంది, అనవసర కాఠిన్యమూ ఉండదు, శిక్షకైనా ఒక హద్దుండాలి.

చదివి నా కళ్ళు చెమర్చాయి. ఎంత దయ! ఎంత మానవత్వం! నేర సంస్కరణ మీద ఇంత లోతైన ఆలోచన చేసిన సర్కారు అదే కలంతో గేటు దగ్గరి చట్టాన్ని కూడా ఒకసారి తిరగేసి ఉంటే ఎంత బాగుండేది. అనవసర కాఠిన్యం అనే ఇబ్బంది ఏసీ గదుల్లో ఉండేవాళ్ళకే వస్తుందనీ, ఎండలో కుర్చీ వేసుకునేవాడి ఒంటికి అది పట్టదనీ ఏ శాస్త్రంలో ఉందో?

శిక్ష పడ్డవాళ్ళ సంగతి ఇలా ఉంటే, పడని వాళ్ళ సంగతి ఇంకా సొగసు. మన తెలంగాణ శాసనసభకు 2023లో గెలిచిన 119 మందిలో 82 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో రాశారని, ఆ అఫిడవిట్లు పరిశీలించే ఏడీఆర్ సంస్థ లెక్క కట్టింది. పక్కింటివాళ్ళు మనకన్నా ముందున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో గెలిచిన 175 మందిలో 138 మంది. దేశంలోని ముఖ్యమంత్రులందరిలో ఎక్కువ కేసులు, 89, ప్రకటించినవారు మన రేవంత్ రెడ్డి గారేనని అదే సంస్థ 2024 డిసెంబర్‌లో చెప్పింది. కేసు ఉన్నంత మాత్రాన నేరం చేసినట్టు కాదు. చాలావరకు ధర్నాలు, రాస్తారోకోలు, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పడ్డవి. రాజకీయాల్లో కేసు లేనివాణ్ణి జనం కూడా అనుమానంగా చూస్తారు, ఇంట్లోనే కూర్చున్నాడా అని.

సరే, ఇదే నిర్దోషిత్వ సూత్రం కానిస్టేబుల్ పరీక్ష రాసిన పిల్లవాడికి వర్తింపజేయండి చూద్దాం. రాత పరీక్ష పాసయ్యాడు, పరుగు పాసయ్యాడు, ఛాతీ కొలత సరిపోయింది. చివర వెరిఫికేషన్ ఫారం వచ్చింది. మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా? నిజం రాస్తే తీసుకోరు. దాస్తే, దాచినందుకు తీసేస్తారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చిన్నాచితకా కేసులైతే అధికారి పెద్ద మనసు చేసుకోవచ్చని సెలవిచ్చింది. కానీ మన ఆఫీసుల్లో పెద్ద మనసు శాంక్షన్ అయిన పోస్టు కాదు. తెలంగాణ ఉద్యమంలో రైలు పట్టాల మీద కూర్చున్న పిల్లలున్నారు, నాయకులున్నారు. ఇద్దరి మీదా కేసులు పడ్డాయి. నాయకుడి అఫిడవిట్‌లో ఆ కేసు పతకమైంది. పిల్లవాడి ఫారంలో అదే కేసు మరకైంది. రాష్ట్రం మాత్రం ఇద్దరికీ ఒకటే వచ్చింది.

పాస్‌పోర్టు సంగతీ అంతే. కేసు కోర్టులో నడుస్తుంటే చాలు, ఆఫీసరు కాదనవచ్చు. కోర్టు నుంచి అనుమతి తెచ్చుకోవాలి. దుబాయిలో మేస్త్రీ పనికి పోదామనుకున్నవాడు వాయిదాలకు తిరిగి తిరిగి చివరికి శామీర్‌పేటలోనే మేస్త్రీ అవుతాడు.

ఇంకా నయం. శిక్షా లేకుండా, ఒక్కోసారి నడిచే కేసూ లేకుండా మనిషిని పట్టుకునే కాగితం ఒకటుంది, రౌడీషీట్ అంటారు. చట్టసభ చేసిన చట్టం కాదది, పోలీసు స్టాండింగ్ ఆర్డర్. వినాయక నిమజ్జనం వచ్చినా, ఎన్నికలొచ్చినా, వీఐపీ ఎవరైనా ఈ దారిన పోతున్నా స్టేషన్‌కు రమ్మంటారు, తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. అది చాలనప్పుడు పీడీ యాక్టుంది, అంటే ముందస్తు నిర్బంధ చట్టం. 1986 నాటి ఆ చట్టాన్ని తెలంగాణ పోలీసులు ఎడాపెడా వాడుతున్నారని సుప్రీంకోర్టు 2022లో ఒకసారి, 2023 సెప్టెంబర్‌లో మరోసారి గట్టిగానే మందలించింది. అయితే దీనిలోనూ ఒక సుఖముంది. పీడీ యాక్టు కింద నిర్బంధంలో ఉన్నవాడు ఓటేయవచ్చు. ఏ నేరమూ రుజువు కాకుండా రిమాండులో ఉన్నవాడు వేయకూడదు. శిక్ష పడి, బెయిల్ మీద బయట తిరిగేవాడు దర్జాగా వేలికి సిరా పూయించుకోవచ్చు. ఇది నా కల్పన కాదు, ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 62(5) సెక్షన్. దేశంలో జైళ్ళలో ఉన్నవారిలో నూటికి డెబ్బై మందికి పైగా ఇంకా విచారణలో ఉన్నవారే. వాళ్ళు ఓటేయలేరు గానీ ఓట్లు అడగవచ్చు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇంజనీర్ రషీద్ తిహార్ జైలు నుంచే గెలిచారు. లక్షల మంది ఓట్లు పడ్డాయి. తన ఓటు మాత్రం తనకు వేసుకునే వీల్లేకపోయింది.

పుట్టుకతోనే శిక్ష పడ్డవాళ్ళున్న జాతి మనది, రుజువు లేకుండా మచ్చ వేస్తే ఆశ్చర్యపోతామా? తెల్లదొర 1871లో నేరస్థ తెగల చట్టం చేస్తే, ఎరుకల వాళ్ళను తెచ్చి బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురంలో పెట్టారు. పిల్లవాడు పుట్టకముందే వాడి మీద షీట్ తెరిచి ఉండేది. 1952లో ఆ చట్టం రద్దయింది. సినిమావాళ్ళు మాత్రం ఆ వార్త ఇంకా చదవలేదు. నేటికీ ఆ ఊరి పేరు చెప్పి దొంగల కథలు తీసి వంద రోజుల పోస్టర్లు వేసుకుంటున్నారు, ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగానికి పోయి ఊరి పేరు చెప్పడానికి తటపటాయిస్తున్నాడు.

అన్నట్టు ఒకప్పుడు ఇదే దేశంలో జైలు సర్టిఫికెట్ కోసం జనం కాళ్ళరిగేలా తిరిగారు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు దగ్గరి దారి, కనీసం ఆరు నెలలు జైల్లో ఉన్నట్టు రుజువు చూపడం. జైలుకు వెళ్ళాడని తేలితే పింఛను వచ్చేది. కాలం మారింది. ఇప్పుడు జైలుకు పోయాడని తేలితే జీతం రాదు.

ఇంతకీ మన రాష్ట్రంలో శిక్ష పడ్డవాళ్ళను నమ్మి పనిచ్చిన సంస్థ ఒకటైనా ఉందా అంటే ఉంది. జైళ్ళ శాఖే. చంచల్‌గూడ జైలు దగ్గర పెట్రోల్ బంకు నడుపుతుంది. ఖైదీలు, విడుదలైనవాళ్ళు యూనిఫాం వేసుకుని పెట్రోల్ పోస్తారు, డబ్బు తీసుకుంటారు, చిల్లర ఇస్తారు. జనం కల్తీ ఉండదన్న ధైర్యంతో వెతుక్కుంటూ పోయి అక్కడ పోయించుకుంటారు. జైలు కార్ఖానాల్లో తయారైన ఫర్నిచర్ సర్కారు ఆఫీసులకు పోతుంది. అంటే ప్రభుత్వానికి ఈ మనుషుల సంగతి బాగానే తెలుసు. చేతికి రోజంతా నోట్ల కట్టలిచ్చినా నమ్మవచ్చని తన సొంత బంకులో తనే నిరూపించింది. నిరూపించి, గోడ బయట మాత్రం అదే మనిషిని విల్లా గేటు దగ్గర నిలబెట్టవద్దని చట్టం పట్టుకుంది. వాడు చేసిన కుర్చీలో ఆఫీసరు కూర్చుని, ఆ కుర్చీ చేసినవాడి దరఖాస్తు మీద తిరస్కరించడమైనది అని రాస్తాడు. కుర్చీ గట్టిదే, కిర్రుమనదు.

ఈ కథ మన ఒక్కరిదే కాదు. మనవాళ్ళు పిల్లలను చదువులకు పంపే అమెరికాలోనూ ఇదే తంతు. ఫ్లోరిడాలో శిక్ష పూర్తి చేసినవాళ్ళకు ఓటు తిరిగివ్వాలని 2018లో ప్రజలే భారీ మెజారిటీతో తీర్పిచ్చారు. సుమారు 14 లక్షల మందికి ఓటొస్తుందన్నారు. మరుసటి ఏడాదే అక్కడి శాసనసభ, జరిమానాలు, కోర్టు రుసుములు అణా పైసలతో కట్టాకే ఓటు అని మెలిక పెట్టింది. కాలిఫోర్నియాలో ఖైదీలు అడవి మంటలు ఆర్పుతారు, బయటికొచ్చాక అగ్నిమాపక ఉద్యోగానికి అర్హత ఉండేది కాదు. 2020లో గానీ అక్కడ ఆ దారి తెరుచుకోలేదు. 2024 మే 30న న్యూయార్క్ జ్యూరీ 34 అభియోగాల్లో దోషిగా తేల్చిన పెద్దమనిషి అదే ఏడాది నవంబర్‌లో అదే ఫ్లోరిడాలో తన ఓటు తను వేసుకుని, దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. మన ఎనిమిదో సెక్షన్ ఇంత కన్నా కఠినమైనదని ఇక్కడ కొంచెం గర్వపడవచ్చు.

ఇప్పుడు మన కాలనీ సంఘం పెద్దలు ఒక ప్రశ్న వేస్తారని తెలుసు. “అంటే సార్, దొంగ చేతికి తాళాలియ్యమంటారా?” వాళ్ళ భయం ఉత్తదని అనను. పిల్లల మీద అఘాయిత్యం చేసి జైలుకు పోయినవాణ్ణి బడి బస్సు దగ్గర పెట్టమని ఎవరూ అడగరు. ఇంట్లో దూరి దోచినవాణ్ణి అదే పనికి దారి తెలిసిన చోట కాపలా పెట్టమనీ అడగరు. ఏ నేరానికి ఏ పని కూడదో, ఎన్నేళ్ళు కూడదో రాయండి. ఆ మాత్రం పని చట్టం చేయాలి కదా. కానీ అసలు చట్టం ఏం చేసిందో చూడండి. ఫామ్‌హౌస్‌లో తాగి, రాజీవ్ రహదారి మీద తనిఖీలో దొరికిన బాబు కోర్టులో తప్పు ఒప్పుకుని రెండు రోజులు జైల్లో ఉండి వచ్చాడనుకోండి. చట్టం మాట పట్టుకుంటే ఆయనా కోర్టు దోషిగా తేల్చినవాడే. సోమవారం ఆఫీసుకు పోతాడు, సాయంత్రం విల్లాకు వస్తాడు, గేటు దగ్గరి మనిషి లేచి సలాం కొడతాడు. ఆ సలాం కొట్టిన మనిషి అదే తప్పుకు అదే కోర్టులో నిలబడితే కుర్చీ పోతుంది. ఇక పదవికి ఎత్తు, ఆస్తికి వైశాల్యం ఉన్నచోట తాళాల గురించి ఎవరూ అడగరు. దేవరయాంజాల్‌లో సీతారామస్వామి గుడి భూములు పదిహేను వందల ఎకరాల ఆక్రమణ ఆరోపణల మీద 2021 మేలో ప్రభుత్వం నలుగురు ఐఏఎస్ అధికారులతో కమిటీ వేసింది. దేవుడి భూమికి కాపలా ఎవరున్నారో, వాళ్ళకు పోలీస్ వెరిఫికేషన్ అయిందో లేదో ఎవరూ అడగలేదు.

ప్రభుత్వోద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండయినట్టే లెక్క. అటెండరైనా, తహసీల్దారైనా అంతే. ముఖ్యమంత్రి మాత్రం నెలల తరబడి జైలు నుంచే పాలించవచ్చని 2024లో ఢిల్లీలో చూశాం. మంత్రులు 30 రోజులు నిర్బంధంలో ఉంటే పదవి పోవాలని 2025 ఆగస్టులో కేంద్రం ఒక రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చింది. నిర్దోషులను వేధించే ఆయుధమవుతుందని ప్రతిపక్షాలు గగ్గోలు పెట్టాయి. అవుతుందేమో. 48 గంటల రూలు అటెండర్ల మీద దశాబ్దాలుగా ఉంది. ఆయుధమని ఎవరికీ తోచలేదు.

మన చట్టాల్లో దయ అసలే లేదని కాదు. బాలల న్యాయ చట్టం, 2015 తెలిసీ తెలియని వయసులో చేసిన తప్పు జీవితాంతం వెంటాడకూడదంటుంది, ఆ రికార్డు చెరిపేయమంటుంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం పన్నెండో సెక్షన్, మంచి నడవడి మీద వదిలిన వాడికి అనర్హత అంటకూడదంటుంది. బ్రిటన్‌లో 1974 నుంచే ఒక చట్టముంది: చిన్న శిక్షలు కొన్నేళ్ళకు కాలం తీరిపోతాయి, ఆ తర్వాత వాటిని చాలా ఉద్యోగాల్లో చెప్పనక్కర్లేదు. మన దగ్గర పెద్దవాళ్ళకు, మామూలు నేరాలకు అలాంటిది లేదు. పైగా ఇప్పుడు కోర్టుల రికార్డు ఆన్‌లైన్‌లో ఉంది. పేరు కొడితే కేసు వస్తుంది. కొట్టేసిన కేసు కూడా వస్తుంది. ఉద్యోగమిచ్చేవాడు చివరి పేజీ దాకా చదవడు.

ఈ తూంకుంటనే చూడండి. 2018 దాకా గ్రామ పంచాయతీ. ఆ ఏడాది మున్సిపాలిటీ అయింది. 2020 జనవరిలో మొదటి మున్సిపల్ ఎన్నిక జరిగింది. 2025 డిసెంబర్‌లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. ఏడేళ్ళలో ఊరు రెండుసార్లు తన గుర్తింపు మార్చుకుంది, పాత బోర్డులు తీసి కొత్తవి పెట్టుకుంది, పాత రేట్లు ఎవరికీ గుర్తు కూడా లేవు. ఊరికి అంత వీలుంది. ఊళ్ళో ఒక మనిషికి లేదు.

కాబట్టి నాయకులకు జీవితకాల నిషేధం పెట్టండని నేను అడగబోవడం లేదు. ఆ కోరిక కోరేవాళ్ళు చాలామంది ఉన్నారు, కోరితే ఎవరు వింటారో కూడా తెలుసు. నేను కేంద్ర ప్రభుత్వం అఫిడవిట్‌తో అక్షరాలా ఏకీభవిస్తున్నాను. శిక్షకు హద్దుండాలి. అనవసర కాఠిన్యం కూడదు. నిషేధానికి కాలపరిమితి ఉండాలి. ఆ అఫిడవిట్‌ను అలాగే జిరాక్స్ తీసి, ఎమ్మెల్యే, ఎంపీ అని ఉన్న చోట వాచ్‌మన్, అటెండరు అని దిద్దండి, ఇంకో అక్షరం మార్చవద్దు. 2005 చట్టం పదో సెక్షన్‌లో ఆరేళ్ళు అని ఒక్క మాట చేర్చండి. మేడ్చల్ ఎమ్మెల్యే గారికి, మల్కాజిగిరి ఎంపీ గారికి ఇది మనవి. మీకు సరిపోయిన ఆరేళ్ళు మీ గేటు కాసేవాడికీ ఇప్పించండి.